గాలి లేని రోజు

జనవరి 19, 1991. జుబైల్

టీవీలో వాతావరణం చెప్పడం మానేశారు. మొన్నటిదాకా వార్తలయ్యాక పటం వచ్చేది, మబ్బు బొమ్మలు, ఎండ ఎంతో అంకెలు. ఇప్పుడు వార్తలు అవ్వగానే ప్రార్థన. నేను అలవాటు కొద్దీ పొద్దున్నే మా కరెంటు ఆఫీసు నుంచి ఎయిర్‌పోర్టు వాతావరణ ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడ ఉండేది ఇద్రీస్ గారు, సూడాన్ మనిషి. రోజూ గాలి, తేమ, పొగమంచు అన్నీ ఓపిగ్గా చదివి వినిపించేవాడు. ఇవాళ "మమ్నూ" అని ఒక్క ముక్క అని పెట్టేశాడు. చెప్పకూడదట. యుద్ధం జరుగుతున్నప్పుడు వాన ఎప్పుడొస్తుందో కూడా సైన్యం రహస్యమేనట.

ఆకాశానికి కూడా తాళం వెయ్యొచ్చని నాకిన్నాళ్లూ తెలియదు.

జనవరి 20

ఫక్రుద్దీన్ సాబ్ పిలిచారు. మా ఇంజనీరు, హైదరాబాదు పాతబస్తీ ఆయన. కూర్చోమని కుర్చీ చూపించారంటే ఏదో అంటగట్టబోతున్నారని అర్థం.

"ఫోర్‌కాస్ట్ లేదని కడుగుడు బంద్ పెడ్తమా ప్రభాకర్? హాస్పిటల్‌కు పోయేది ఇప్పుడు ఆ సముద్రం పక్క కరెంటు లైన్ ఒక్కటే. రెండోది రిపేరుల ఉంది. ఇది పడితే ఖతం."

"నన్నేం చెయ్యమంటారు సాబ్?"

"నువ్వు సముద్రం ఒడ్డున పుట్టినోడివి. ఆకాశం జూసి నువ్వే జెప్పు."

ఇంటికి పంపే క్యాసెట్‌లో పుష్పకి ఇదంతా ఎలా చెప్పాలా అని సాయంత్రం నుంచి ఆలోచిస్తున్నాను. ఇలా చెప్తాను. టవర్ల మీద పింగాణీ చిప్పలుంటాయి పుష్పా, తీగ ఇనుముకి తగలకుండా పట్టుకునేవి. సముద్రపు ఉప్పు వాటి మీద పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపు పర్వాలేదు. తడి తగిలిందా, ఆ ఉప్పు మీదుగా కరెంటు నడిచి టవర్లోకి దూకుతుంది. అందుకని పొగమంచు రాకముందే పొడి రోజు చూసి వాటిని కడగాలి, అదీ కరెంటు ఆపకుండా. పైకెక్కి నీళ్ల గొట్టం పట్టేది బాలన్న. ఏ రోజు ఎక్కాలో చెప్పేది ఇకమీద మీ ఆయన.

ఈ ఆఖరి ముక్క విని నవ్వుతుంది. మా పెళ్లినాడు వాన రాదని అందరికీ చెప్పింది నేనే.

జనవరి 24

యుద్ధం ముందు ఎగ్జిట్ వీసా మీద వాళ్ల దేశం వెళ్లిపోయిన ఇంగ్లీషు సూపర్‌వైజరు గోడ మీద ఒక బారోమీటరు వదిలేసిపోయాడు. గాలి బరువు చూపించే ఇత్తడిది. ముల్లు కిందికి దిగితే గాలివాన, పైకెక్కితే ప్రశాంతం. దానికి దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టాను.

దివిసీమలో తుఫాను వచ్చినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. రేడియోలో చెప్పారు. మా నాన్న విని, వీళ్లు ప్రతి ఏడూ ఇలాగే చెప్తారని నవ్వాడు. నేను తాటిచెట్టు కరుచుకుని బతికాను. ఆయన బతకలేదు. అప్పట్నుంచి గాలి లేస్తే నేను నిద్రపోను. గాలి ఆగిపోతే ప్రాణం లేచొస్తుంది. కాబట్టి ఈ పనికి నాకన్నా తగిన మనిషి దొరకడు. నాకు భయం లేదు.

జనవరి 29

చెప్పింది చెప్పినట్టు జరిగింది. ముల్లు దిగింది, ఎక్కొద్దన్నాను, మధ్యాహ్నానికి ఉత్తరపు గాలి ఇసుకని ఎత్తి కొట్టింది. బాలన్న నాకు పేరు పెట్టేశాడు, వాన పంతులు.

"పంతులూ, నాకొక్కటి సమజ్ గాదు. మొగులు వెట్టి వాన వడితె అదే కడుగుతది గద. దేవుడే నీళ్లు వోస్తనంటె మనం ట్యాంకర్ దెచ్చి వోసుడేంది?"

మెట్‌పల్లి రైతు. వాన మీద అనుమానమే లేదు. పెద్దవాన అయితే కడుగుతుంది, చిన్న జల్లు అయితే ఉప్పుని బురద చేసి వదిలేస్తుంది, ఆ బురద మీదే కరెంటు నడుస్తుందని సాబ్ చెప్పినమాట చెప్పాను. "వానను గూడ తిట్టే దేశానికి అచ్చినం" అని బాధపడ్డాడు.

ఫిబ్రవరి 3

సముద్రం మీద నూనె తెట్టు వస్తోందట. నీళ్ల ప్లాంటు చుట్టూ అడ్డం కడుతున్నారు.

ఫిబ్రవరి 10

రెండోసారి కూడా నా మాటే నిజమైంది. క్యాంటీన్‌లో ఎవరో పెద్ద కూర గిన్నె నా వైపు జరిపారు.

ఫిబ్రవరి 17

సైరన్. నిన్న రాకెట్టు సముద్రంలో పడిందట. బాగానే ఉన్నాం.

ఫిబ్రవరి 26

కువైట్ నూనెబావులు తగలబెట్టారు. ఇవాళ పొగ మా మీదికి వచ్చింది.

దీన్ని ఎలా రాయాలో తెలియడం లేదు. పొద్దున్న పది దాటాక ఉత్తరాన నల్లటి గోడ లేచింది. గోడ కాదు, చివర లేదు దానికి. నెమ్మదిగా మా నెత్తి మీదికి వచ్చి సూర్యుణ్ణి కప్పేసింది. మధ్యాహ్నం నమాజుకి పిలుపు వచ్చేసరికి వీధి దీపాలు వాటంతటవే వెలిగాయి. పక్షులు గూళ్లకి వెళ్లాయి. యార్డులో అందరం పనులు వదిలేసి బయట నిలబడ్డాం. ట్యాంకరు నడిపే దిలావర్ భాయ్ పెషావర్ మనిషి, దేనికీ చలించడు, అతను కూడా తలమీద చెయ్యి పెట్టుకుని పైకే చూస్తున్నాడు. మనుషులు చేసిన పనికి మధ్యాహ్నం చీకటి పడింది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు.

మార్చి 1

యుద్ధం ఆగింది. దిలావర్ భాయ్ అందరికీ జిలేబీ పంచాడు. ఇద్రీస్ గారికి ఫోన్ చేశాను. ఇంకా మమ్నూ.

మసి మాత్రం ఆగలేదు. ఆరేసిన బనియన్ల మీద, అన్నం మీద, ముక్కులో. వేలితో రుద్దితే పోదు, జిడ్డు. చిప్పల మీద ఉప్పు, దాని మీద ఈ జిడ్డు. సాబ్ రోజూ సముద్రం పక్క లైన్ దాకా వెళ్లి చూసొస్తున్నారు.

మార్చి 5

బారోమీటరు ఇంత పైకి ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు. ఆకు కదలడం లేదు. ఇంతకన్నా మంచి రోజు రాదు. రేపు ఎక్కమన్నాను.

"నువ్వు జెప్తె సాలు పంతులూ" అన్నాడు బాలన్న.

మార్చి 6

రాయలేను.

మార్చి 9

ఇవాళ రాస్తాను.

నేనూ వాళ్లతో వెళ్లాను. వెళ్లాల్సిన పని లేదు, నా మాట నిజమవడం కళ్లారా చూద్దామని వెళ్లాను. మధ్యాహ్నమే, కానీ పైన పొగ కదలకుండా కూర్చుంది, చీకటి. బళ్ల లైట్లన్నీ వేశారు. బాలన్న నడుముకి బెల్టు కట్టుకుని ఎక్కాడు. గాలి అస్సలు లేదు. ఎంత నెమ్మదిగా ఉందంటే సముద్రం కూడా వినపడలేదు. నా గుండె హాయిగా ఉంది.

దిలావర్ ట్యాంకరు అద్దం మీద నీటి చుక్కలు కనిపించాయి. "పైపు కాస్త కిందికి పెట్టమను, ఇక్కడిదాకా జల్లు పడుతోంది" అన్నాను. దిలావర్ నా మొహం చూశాడు.

"పంప్ తో అభీ చలాయా హీ నహీ" అన్నాడు. పంపు ఇంకా వెయ్యనే లేదు.

నాకు అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు. తల ఎత్తి చూస్తే చిప్పల మీద నీలం వెలుగు పాకుతోంది. సన్నటి నీలం కాళ్లు, ఒక చిప్ప మీంచి ఇంకో చిప్ప మీదికి, మెల్లగా. బుసబుసమని చప్పుడు. అంత అందమైనది నేను పుట్టాక చూడలేదు. నేను అరవాలి. అరవలేదు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను.

తర్వాత తెల్లటి మంట, పిడుగు పడ్డంత చప్పుడు. ఊళ్లో దీపాలన్నీ పోయాయి. బాలన్న బెల్టుకి వేలాడుతున్నాడు.

బతికాడు. దించేసరికి ఎడమ చెవిలోంచి రక్తం. హాస్పిటల్‌కి తీసుకెళ్తే అక్కడ జనరేటర్ మీద సగం దీపాలే వెలుగుతున్నాయి, ఆ లైన్ పడిపోయింది కాబట్టి.

వాపు తగ్గితే చెవి వస్తుందని డాక్టరు అన్నాడు.

మార్చి 16

బాలన్న హాస్పిటల్ నుంచి గదికి వచ్చాడు. క్యాంటీన్‌లో పక్కన కూర్చుని మాట్లాడితే పలకలేదు, ఎడమపక్క కూర్చున్నాను మరి. వాపు ఇంకా ఉంది. వస్తుంది.

మార్చి 23

ఫోన్లో వాతావరణం మళ్లీ చెప్తున్నారు. ఇద్రీస్ గారి గొంతు వినగానే కోపం వచ్చింది. బారోమీటరు అంత ఎత్తులో ఉంటే, గాలి లేకపోతే, తడి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాను. ఆయన ఇంగ్లీషులో, నెమ్మదిగా, పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. గాలి ఉంటే తడిని లాక్కుపోతుంది. గాలి లేని రోజే పొగమంచు కూర్చుంటుంది. పైగా ఆ పొగ గొడుగులా ఎండని ఆపింది, నేల చల్లగానే ఉండిపోయింది, సముద్రపు తడి అక్కడే నిలిచిపోయింది.

"ఆ రోజు మా చార్టులో పొగమంచు అని ఉంది" అన్నాడు.

ఉంది. ఆయన బల్ల మీద ఉంది. నేను ఇక్కడ ఇత్తడి ముల్లుకి దణ్ణం పెట్టుకుంటున్నాను.

తర్వాత ఆయన "సామెహ్నీ" అన్నాడు, క్షమించమని. ఆయనకేం సంబంధం. చెప్పే వీల్లేని మనిషి. తాటిచెట్టు కరుచుకున్నవాణ్ణి నేను. గాలి ఒక్కటే చంపుతుందని నమ్మినవాణ్ణి నేను.

ఇక నేను చెప్పను. ఫోన్లో చెప్పింది చదువుతాను, అంతే.

మార్చి 24

బారోమీటరు గోడ మీంచి తీసేశాను.

ఏప్రిల్ 20

వాపు తగ్గింది.

మే 11

చెవికి టైం పడుతుందట. వస్తుంది.

జులై 30

ఎండ. మసి మీద దుమ్ము. వేడికి చిప్పల మీద అట్ట కట్టింది. పుష్ప క్యాసెట్‌లో ఎందుకు ముభావంగా మాట్లాడుతున్నావని అడిగింది. ఎండకన్నాను.

నవంబరు 9

ఆఖరి నూనెబావి ఆర్పేశారు. ఆకాశం నీలంగా ఉంది, చూస్తుంటే కొత్త చొక్కా వేసుకున్నట్టుంది. కానీ ఆ మంటల మసి ఇంకా టవర్ల మీదే ఉంది. వేసవంతా కడిగారు, మొదటి కడుగుడుకి సగమే ఊడింది. రెండో లైన్ ఇంకా రిపేరులోనే. ఈ చలికాలం మొదటి వాన ఎప్పుడొస్తుందా అని సాబ్ రోజుకి రెండుసార్లు నా బల్ల దగ్గరికి వస్తున్నారు.

నవంబరు 22

బాలన్నని ఎగ్జిట్ తీసుకుని ఇంటికి వెళ్లొచ్చని ఆఫీసు వాళ్లు అన్నారు. ఈ చలికాలం అయినంక పోత అన్నాడట. ఇంటి నుంచి వాళ్లావిడ లస్మవ్వ క్యాసెట్ వచ్చింది. టేప్ రికార్డర్ కుడి చెవికి ఆనించుకుని వింటున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. ఉన్నట్టుండి దాన్ని ఎడమ చెవి వైపు మార్చాడు.

"ఏమైంది బాలన్నా?"

"ముచ్చట అయిపోయింది. ఇగ తిట్లు షురూ జేసింది. తిట్లు ఈ పక్కకు ఇంట."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ చెవి ఇంకా కొంచెం వినపడుతున్నట్టే ఉంది, లేకపోతే అలా ఎందుకంటాడు.

డిసెంబరు 15

ఇద్రీస్ గారు తానే ఫోన్ చేశాడు. వాయవ్యం నుంచి గాలివాన. మధ్యధరా సముద్రం దాటింది, ఇరాక్ మీంచి వస్తోంది, బుధవారం మధ్యాహ్నానికి మన దగ్గరికి. ముందు సన్నటి జల్లు, ఆ తర్వాత పెద్దవాన.

అంత దూరాన పుట్టిన మబ్బు నా బల్ల దగ్గరికి ఏ పూట వస్తుందో ఒక గదిలో కూర్చుని చెప్తున్నాడు. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

"తప్పకుండా వస్తుందా?" అన్నాను.

"నూటికి అరవై."

"అరవై పెట్టుకుని నేనేం చేసుకోను? ఎక్కమనాలా, వద్దనాలా?"

"అరవై అంటే నేను భయపడుతున్నానని అర్థం, ప్రభాకర్. మిగతా నలభై అంటే నాకు తెలియదని అర్థం. రెండూ పైవాళ్లకి చెప్పు."

డిసెంబరు 16

రెండూ చెప్పాను. సాబ్ అరవై వినగానే లేచారు. ఆ మనిషి పని మొదలుపెడితే చూడాలి. నీళ్ల ట్యాంకర్లు నింపి లైన్‌కి రెండు కొసల్లో ఒక్కోటి పెట్టించారు. పగిలితే మార్చడానికి కొత్త చిప్పలు లారీకి ఎక్కించారు. హాస్పిటల్ వాళ్లకి చెప్పి జనరేటర్‌ని ఉత్తినే ఒకసారి నడిపించారు. సముద్రానికి దగ్గరున్న టవర్లు ముందు, దూరానివి తర్వాత కడగాలన్నారు.

"రాకపోతే?" అని అడిగాను.

"రాకపోతె టవర్లు సాఫ్ అయితయి. నీకేం నష్టం?"

నాకు ఈ మాట ఇన్నాళ్లూ తట్టలేదు. నేను నిజమా అబద్ధమా అనే చూశాను. సిద్ధంగా ఉండటానికి నిజం అక్కర్లేదు.

సాయంత్రం బాలన్న నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమంటున్నది ఆకాశం?"

"ఇద్రీస్ గారు చెప్పింది..."

"గాయన నాతోని లేడు. నువ్వున్నవ్. నువ్వేమంటవ్?"

మార్చి తర్వాత ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. భయంగా ఉంది, ఇక్కడ రాసుకుంటున్నాను, నాకు చచ్చేంత భయంగా ఉంది.

"వాన ఎప్పుడో నాకు తెలియదు బాలన్నా. దిలావర్ ట్యాంకరు గొట్టం జల్లు తగలనంత దూరంలో పెట్టించి, దాని అద్దం ముందు నేను కూర్చుంటాను. మొదటి చుక్క పడగానే దిగమంటాను. దిగాలి."

"గట్లనే."

డిసెంబరు 18

వాన ఇంకా కురుస్తోంది. వేళ్లు తడిగా ఉన్నాయి, అక్షరాలు అలుక్కుపోతున్నాయి, అయినా ఇవాళే రాయాలి.

నిన్నా ఇవాళా పొద్దున్నుంచి కడిగారు. నేను అద్దం చూస్తూ కూర్చున్నాను. రెప్ప వెయ్యడానికి కూడా భయమేసింది. దిలావర్ భాయ్ అప్పుడప్పుడూ చాయ్ అందించేవాడు, అతను కూడా అద్దమే చూసేవాడు. మధ్యాహ్నానికి హాస్పిటల్ పక్క టవరు ఒక్కటే మిగిలింది. బాలన్న దాని మీద ఉన్నాడు, ఇంకా గొట్టం ఎత్తలేదు. వాయవ్యం నల్లగా ఉంది. మార్చి నలుపు కాదు, నీళ్లున్న నలుపు.

అద్దం మీద ఒక చుక్క. పక్కన ఇంకొకటి.

"బాలన్నా, దిగు" అన్నాను వాకీటాకీలో.

జవాబు లేదు.

"బాలన్నా, తడి వచ్చింది, దిగు."

తల ఎత్తి చూశాను. వాకీటాకీ ఎడమ చెవికి పెట్టుకున్నాడు. లస్మవ్వ తిట్లు వినే చెవికి. గొట్టం ఎత్తుతున్నాడు. ఆ ఒక్క టవరూ అయిపోతే హాస్పిటల్‌కి భయం ఉండదని ఆయన లెక్క. ఆయన ఆగితేనే నాకు భయం ఉండదని నా లెక్క.

ఈసారి నేను నిలబడిపోలేదు. లారీలోంచి పెద్ద పానా తీసుకుని పరిగెత్తి టవరు కాలు మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. ఆ మోత ఇనుములోంచి పైకెక్కి పాదాలకి తగులుతుంది, దానికి చెవులు అక్కర్లేదు. కొడుతూ అరిచాను, నాకన్నా పెద్దవాణ్ణి, ఒరేయ్ దిగు అని. దిలావర్ కూడా పక్కనొచ్చి రాయితో కొట్టాడు.

దిగాడు. నేల మీద కాలు పెట్టగానే నా మీద కోపంగా, "ఒక్కటుండె పంతులూ, ఒక్కటే" అన్నాడు.

ముగ్గురం లారీ వెనక్కి వెళ్లి చూశాం. సన్నటి జల్లు. కడిగిన టవర్లు, సముద్రం ఒడ్డున కనుచూపు మేరా, తడిసి తెల్లగా నిశ్శబ్దంగా నిలబడ్డాయి. ఒక్క చప్పుడు లేదు. ఆ చివరి టవరు మీద మాత్రం నీలం కాళ్లు పాకడం మొదలైంది. చిప్ప మీంచి చిప్ప మీదికి. బుస. బాలన్న ఇందాక నిలబడ్డ చోటు పక్కనే. అక్కడే ఉండేవాడు. నేను నేల మీద కూర్చుండిపోయాను. బాలన్న కోపం కూడా పోయింది, పైకి చూస్తూ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

వెలుగు ఆఖరి చిప్ప దాకా వచ్చింది. సాబ్ వాకీటాకీలో హాస్పిటల్ వాళ్లని జనరేటర్ దగ్గర ఉండమంటున్నారు.

అప్పుడు పెద్దవాన వచ్చింది. నేను ఈ దేశంలో అలాంటి వాన చూడలేదు. సముద్రం మీంచి తెల్లటి తెరలా నడిచొచ్చి మా మీద పడింది. ఆ టవరు మీంచి నల్లటి నీళ్లు, మసి, కాలవలు కట్టి కారాయి. పోయిన యుద్ధం మొత్తం కారిపోతున్నట్టుంది. నీలం వెలుగు సన్నబడింది, తెగింది, ఆరిపోయింది. హాస్పిటల్ కిటికీలు వెలుగుతూనే ఉన్నాయి.

బాలన్న వానలోకి నడిచి మొహం పైకెత్తాడు. నెత్తి మీంచి నీళ్లు కారుతుంటే నవ్వాడు.

"జూస్తివా? అదే కడుగుతదని జెప్పిన."

డిసెంబరు 19

ఇద్రీస్ గారికి ఫోన్ చేసి లైన్ నిలిచిందని చెప్పాను. "అల్‌హందులిల్లా" అని దేవుణ్ణి తలుచుకుని, వెంటనే వచ్చే వారం పొగమంచు గురించి మొదలుపెట్టాడు. నూటికి నలభై. రాసుకున్నాను.

క్యాంటీన్‌లో బాలన్న ఒక్కడే తింటున్నాడు. ఎప్పటిలా వెళ్లి ఎడమపక్క కూర్చున్నాను. ఇన్ని నెలలు రోజూ అటే కూర్చుని, ఆ చెవిలోనే మాట్లాడి, వినపడిందేమోనని మొహం చూస్తూ వచ్చాను. అది వినపడితే నా మార్చి నెల మాసిపోతుందనుకున్నానేమో.

కంచం పట్టుకుని లేచాను. చుట్టూ తిరిగి వెళ్లి కుడిపక్క కూర్చున్నాను.

బాలన్న ముద్ద ఆపి నా వైపు చూశాడు.

"ఇప్పటికి సమజైందా పంతులూ?" అన్నాడు. పెరుగు గిన్నె నా వైపు జరిపాడు.

ఆ చెవి రాదు.